నోట్లో తెల్లమచ్చ, మూడు సీసాల మందు

నా నోటి సంగతి నా నోటితో చెబితే తాండూరులో ఎవరూ నమ్మరు. పదిహేనేళ్లుగా ఇక్కడి ధాన్యం బజారులో, అదే గంజ్‌లో, ప్రతి మాటకూ ఒక తోక తగిలించి నవ్వించిన పాపం అది. ఒకసారి మా దుకాణం వెనక్కి పాము దూరిందని అరిస్తే, దాన్ని కూడా తూకం వేయమన్నారే గానీ ఒక్కడూ కర్ర పట్టుకొని రాలేదు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితం మీద నేను కొంచెం మర్యాదగా ఉంటానని మా ఇంటావిడ సుశీల అభిప్రాయం.

ఇప్పుడు పందొమ్మిది వందల అరవై ఆరు, ఎండాకాలం. నా నోట్లో ఏమీ లేదు. అంటే నాలుక ఉంది, పళ్లున్నాయి, ఉండవలసినవన్నీ ఉన్నాయి. ఉండకూడనిది లేదు. ఆ లేకపోవడానికి నాలుగేళ్లు పట్టింది. ఎవరి నోట్లోనైనా తెల్లగా ఏదో కనబడి, సున్నం పొక్కిందిలే అని వాళ్లు ధైర్యంగా ఉంటే, ముఖ్యంగా వాళ్లు ఇది చదవాలి. ధైర్యం మంచిదే. దాన్ని సరైన చోట వాడాలి, అంతే.

నలభై ఎనిమిదిలో పట్నం గడబిడగా ఉండి కాలేజీ మూతపడితే, నాయన వచ్చి నన్ను రైలెక్కించి తాండూరు తెచ్చి దుకాణంలో కూర్చోబెట్టాడు. మాది కందుల అడితి. రైతు బండి మీద కందులు తెస్తాడు, కొనేవాణ్ణి మేం చూపిస్తాం. గంజ్‌లో ధర పైకి చెప్పరు. ఇద్దరూ తువాలు కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకుంటారు, ఏ వేలు పట్టుకుంటే ఎంతో వాళ్లకే తెలుసు. బేరం కుదిరాక ఒకడు అరచేతిలో తంబాకు వేస్తాడు, రెండోవాడు సున్నం రాస్తాడు, నలిపి, దులిపి, చెరి సగం పెదవి కింద పెట్టుకుంటారు. అప్పుడే సౌదా ఖాయమైనట్టు. ఆ రోజుల్లో నాకు పంతొమ్మిదేళ్లు. రెండేళ్ల తర్వాత మళ్లీ పట్నం వెళ్లి బీయే పూర్తి చేసి వచ్చాను గానీ, అప్పటికే నా అసలు చదువు పెదవి కింద సాగుతోంది. గంజ్‌లో అందరూ నన్ను బీయే సేటు అనేవాళ్లు. పట్టా చూసి కాదు, అంత చదివీ తమలాగే ఉన్నానన్న సంతోషం కొద్దీ.

అరవై ఒకటి వానకాలంలో, ఎడమవైపు కింది పెదవి లోపల నాలుకకు ఏదో తగలడం మొదలైంది. నొప్పి లేదు. పాత గోడ మీద సున్నం పెచ్చు లేచినట్టు గరుకుగా ఉండేది. అద్దంలో చూస్తే తెల్లగా, చింతగింజంత. అడిగిన ప్రతివాడూ సున్నం పొక్కింది అన్నాడు. మా దగ్గర అది జబ్బు కాదు, పనివాడి గుర్తు. వడ్రంగి చేతికి కాయ ఉన్నట్టు గంజ్ మనిషి నోట్లో పొక్కు ఉంటుంది. నాయన అయితే తనకు నా వయసులో నాలుగుసార్లు పొక్కిందని కొంచెం గర్వంగానే చెప్పాడు. వెన్న రాశాను, తేనె రాశాను, కాచు రాశాను. పది రోజుల్లో నా నోరు పాన్‌డబ్బాకూ మిఠాయి దుకాణానికీ మధ్య ఏదో అయింది, మచ్చ మాత్రం కదల్లేదు. చివరికి తంబాకును ఎడమవైపు నుంచి కుడివైపుకు మార్చాను. దీన్ని మేం వైద్యం అంటాం.

దసరా వెళ్లాక నాయనకు దవడపన్ను నొప్పి లేచి రెండు రాత్రులు నిద్రలేదు. వికారాబాదులో ఒక దవాఖానకు నెలకో గురువారం పట్నం నుంచి పళ్ల డాక్టరు వస్తాడని ఎవరో చెబితే ప్యాసింజరులో తీసుకెళ్లాను. డాక్టరు కుర్రవాడు, సన్నగా ఉన్నాడు, కృష్ణా జిల్లా మనిషి. కళ్లజోడు ఒక కాలికి దారం కట్టి ఉంది. నాయన కుర్చీలో కూర్చుని నోరు తెరవనన్నాడు. రైతుల ముందు నలభై ఏళ్లు మూయని నోరు డాక్టరు ముందు తెరుచుకోవడం లేదేమిటో అని నేను గట్టిగానే అన్నాను. సిస్టరు నవ్వింది. నా మాటకు నేను కూడా నవ్వడం నాకు అలవాటు. డాక్టరు పటకారు చేతిలో పట్టుకునే నా వైపు తిరిగాడు.

"ఇంకోసారి నవ్వండి," అన్నాడు.

ఒకే మాటకు నన్ను రెండోసారి నవ్వమన్న మనిషి నా జీవితంలో ఆయనొక్కడే. నవ్వాను. నాయన పన్ను ఒక్క నిమిషంలో పీకి పక్కన పెట్టి, అరగంట సేపు నా పెదవిని తిప్పి చూశాడు. ఎన్నేళ్లుగా పెట్టుకుంటున్నారు, ఏ వైపు, రోజుకు ఎన్నిసార్లు అని అడిగాడు. రబ్బరు తొడుగు వేసుకున్న వేలితో మచ్చ చుట్టూ నొక్కి, గట్టిగా ఉందా మెత్తగా ఉందా అని తనలో తను చెప్పుకున్నాడు. బియ్యపుగింజంత ముక్క కోసి చిన్న సీసాలో వేసి పట్నం పంపుతానన్నాడు. ఏమిటని అడిగితే, తెలిశాక చెబుతా అన్నాడు. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి అని అప్పుడే అర్థమైంది. అది నాకేమీ నచ్చలేదు.

వచ్చేటప్పుడు నాయన నోట్లో దూది, నా నోట్లో దూది. గంజ్‌లో మాటకారులుగా పేరున్న తండ్రీకొడుకులం వికారాబాదు నుంచి తాండూరు దాకా ఒక్క మాట లేకుండా వచ్చాం. ఆ రైలు డబ్బాలో మిగతావాళ్లకు ఆ రోజు ప్రయాణం సుఖంగా సాగి ఉంటుంది.

సుశీలకు చెప్పొద్దని నాయన దగ్గర మాట తీసుకున్నాను. జవాబు రావడానికి మరుసటి నెల గురువారం దాకా ఆగాలి. ఆ నెల రోజులు నేను చాలా హుషారుగా ఉన్నాను. దుకాణంలో ఇంతకుముందు కంటే రెండింతలు జోకులు వేశాను. స్నానం చేసేటప్పుడు మాత్రం నాలుకతో మచ్చను తడిమి, పెరిగిందా అని చూసుకునేవాణ్ణి. రోజూ పెరిగినట్టే ఉండేది. మా చిన్నాయన ఒకాయన దవడ కింద రాచపుండు లేచి, చివరికి నీళ్లు కూడా మింగలేక చనిపోయిన సంగతి నాకు పదేళ్లప్పుడు చూసింది. ఆయన కూడా మాటకారే. ఆఖరి నెల పలక మీద రాసి చూపేవాడు. నాలుక పోతే నా దగ్గర ఇంకేం మిగులుతుందో కూర్చుని ఆలోచించాను. బీయే పట్టా ఒకటి మిగిలింది.

ఒక మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే కంచంలో ఊరగాయ లేదు. పప్పులో కారం లేదు. కందిపొడి బదులు నెయ్యి, పెరుగు. పిల్లలకు మాత్రం ఎప్పటి వంటే వడ్డించింది. ఇదేమిటని అడిగాను.

"మీరు చెప్పలే," అంది సుశీల. "మీ కంచం చెప్పింది. నెల సంది ఊరగాయ పక్కకు జరుపుతున్నరు."

అంత మాత్రమే అంది. తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. కోపం జబ్బు మీద కాదు, నాయనకు చెప్పి తనకు చెప్పకపోవడం మీద. ఐదో రోజు పొద్దున నన్ను గడప దగ్గర ఎండకు నిలబెట్టి పెదవి తిప్పి చూసింది. చాలాసేపు చూసింది. వచ్చే గురువారం తనూ వస్తానంది. పిల్లల్ని ఎవరు చూస్తారంటే, మామగారు చూస్తారు, ఆయన చేసిందానికి అదే శిక్ష అంది.

గురువారం డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు. ఇది రాచపుండు కాదు. ఇప్పటికి కాదు. ఇలాంటి మచ్చలు కొన్ని అలాగే ఉండిపోతాయి, కొన్ని పోతాయి, కొన్ని కొన్నేళ్లకు పుండుగా మారతాయి. ఏది ఏమవుతుందో ముందే చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. తంబాకు మానాలి, నెలనెలా వచ్చి చూపించుకోవాలి. అంటే రైలు ఇంకా రాలేదు, నేను మాత్రం ప్లాట్‌ఫారం మీద ఉన్నాను అని నాకు నేను తర్జుమా చేసుకున్నాను. సుశీల మాత్రం ఒకే మాట పట్టుకుంది: "ఇప్పటికి కాదు." ఇంటికి వచ్చేదాకా దాన్ని జపంలా అనుకుంటూనే ఉంది.

మానడం గురించి ఎక్కువ రాయను. మానినవాళ్లకు తెలుసు, మానని వాళ్లు నమ్మరు. తల నొప్పి, చేతుల వణుకు, ఎవరితో మాట్లాడినా దెబ్బలాట. వీటన్నిటికన్నా కష్టమైంది గంజ్. బేరం కుదిరాక రైతు తంబాకు నలిపి చెయ్యి చాపితే, నేను వద్దనేవాణ్ణి. అతని మొహం మారిపోయేది. తన కందులు వద్దన్నట్టు, తనను వద్దన్నట్టు. నాయన దుకాణం మూసేదాకా ఆగి, తలుపు వేసి అరిచాడు: తంబాకు కాదన్నోనికి గంజ్‌ల ఏం పని, ముత్తాత కాలం సంది నడిచిన మర్యాద తీసినవు, రేపటి సంది ఒక్కడు మన గడప తొక్కడు. నేను కూడా అరిచాను. అంత పెద్ద దెబ్బలాట అంతకుముందు మా మధ్య జరగలేదు. రెండు వారాల తర్వాత, గుల్బర్గా వైపు నుంచి వచ్చిన పెద్ద ఖరీదుదారు బేరం ముగించి నా ముందు అరచెయ్యి చాపాడు. నాయన తన గద్దె మీంచి లేవకుండానే, మావాడి మాటే సౌదా, తంబాకు వద్దు అన్నాడు. ఖరీదుదారు "ఆయ్తు ఆయ్తు" అని కన్నడంలో సరేనని చెయ్యి దులుపుకున్నాడు. నాయన తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా ఇంట్లో క్షమాపణలు అలాగే జరుగుతాయి.

అరవై రెండు ఎండాకాలంలో డాక్టరు మమ్మల్ని పరిశోధనలో చేరతారా అని అడిగాడు. మమ్మల్ని అంటే, గురువారాల బల్ల మీద పక్కపక్కన కూర్చుని చుట్టాలమైపోయిన ముగ్గుర్ని. ఒకరు మర్పల్లి మల్లవ్వ. అరవై ఏళ్లుంటాయి, మెట్ట చెలక సాగు చేసుకుంటుంది, యాభై ఏళ్లుగా తంబాకు నములుతోంది. రెండోవాడు పెద్దేముల్ మాసన్న. తాండూరు బండల గనిలో రాయి కొట్టేవాడు, నా ఈడువాడే. మూడోవాణ్ణి నేను.

డాక్టరు దాపరికం లేకుండా చెప్పాడు. పట్నంలో పెద్ద డాక్టర్లు ఒక మందు చూస్తున్నారు, తేనెరంగు గోలీలు. ఈ మచ్చల మీద పని చేస్తుందో లేదో తెలియదు. అందుకని సగం మందికి మందున్న గోలీలు, సగం మందికి ఉత్త నూనె ఉన్న గోలీలు ఇస్తారు. చూడటానికి రెండూ ఒకటే. సీసా మీద నంబరు ఉంటుంది. ఎవరిది ఏదో తనకూ తెలియదు, ఆ చిట్టీలు పట్నంలో లకోటాలో సీలు వేసి ఉన్నాయి. తెలిస్తే తన కళ్లు తనను మోసం చేస్తాయని అన్నాడు. ఇష్టమైతేనే చేరండి అన్నాడు. ముగ్గురం చేరాం. మల్లవ్వకూ మాసన్నకూ విడమరిచి చెప్పే బాధ్యత, చదువుకున్నవాణ్ణి కనక, నా మీద పెట్టాడు. ఆయన చేసిన తప్పు అదొక్కటే.

ఇక్కడి నుంచి నా తెలివి గురించి. గంజ్‌లో గింజను కొరికి చూడనిదే మేం దేన్నీ నమ్మం. సీసా ఇంటికి తెచ్చిన రోజే ఒక గోలీని పంటితో కొరికాను. చేదు లేదు, వగరు లేదు, జిడ్డుగా నూనె. మందంటే చేదుగా ఉండాలని నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. అంటే నాకు పడింది ఉత్త నూనె. ఆ నెలంతా ఎవరికీ చెప్పలేదు. మాసన్న సీసా వైపు, మల్లవ్వ సీసా వైపు మాత్రం వేరే కళ్లతో చూశాను.

మరుసటి గురువారం కొత్త సీసాలు తీసుకుని, వికారాబాదు స్టేషనులో సాయంత్రం బండి కోసం కూర్చున్నాం. మల్లవ్వ బస్సుకు ఇంకా టైముందని మాతోనే కూర్చునేది. ఇంటి నుంచి తెచ్చిన జొన్నరొట్టెను మజ్జిగలో నానబెట్టి, నోరు మండకుండా మాకు కూడా పెట్టేది. ఆ రోజు తింటూ తింటూ ఆగింది.

"నాకు గిది మనసుకు వస్తలేదు కొడుకా," అంది. "ఒక బంతిల కూసున్నోళ్లం. ఒకలకు అన్నం పెట్టి ఇంకొకలకు ఉత్త విస్తరి వేసుడేంది?"

ఆమెది న్యాయం. నాది లోభం. రెండూ ఒకే దారిలో నడుస్తాయని ఆ రోజు తెలిసింది. మా గంజ్‌లో ఒక పద్ధతి ఉందని చెప్పాను. ఒకే ఊరి నుంచి నాలుగు బండ్లు వచ్చినప్పుడు, ఒకరి కందులు మంచివి, ఒకరివి పుచ్చు అయితే, ఎవరూ నష్టపోకుండా అన్నీ ఒక రాశిగా పోసి కలిపి సమంగా పంచుకుంటారు. మనమూ అలా చేద్దాం అన్నాను. మాసన్న, సేటు చెప్పిండంటే నాకేం తెలుస్తది అన్నాడు. బెంచీ మీద తువాలు పరిచాను. మూడు సీసాలూ బోర్లించాను. తేనెరంగు రాశి ఎండలో మెరిసింది. అరచేత్తో మూడుసార్లు కలిపి మూడు కుప్పలు చేసి, ఎవరి సీసాలోకి వాళ్లకు పోశాను. మల్లవ్వ సంతోషంగా నా తల నిమిరింది. పుచ్చు కందులు పోసి మంచి కందులు ఇంటికి తీసుకెళుతున్న వ్యాపారి సంతోషం నాది. నాలుగేళ్లు పట్నంలో తర్కం చదివినవాణ్ణి, నేను అక్కడ కలిపేసింది గోలీలు మాత్రమే కాదని ఒక్కసారైనా తట్టలేదు.

ఆ తర్వాత ప్రతి గురువారం అదే తంతు. మల్లవ్వ ఇంకో తంతు కూడా పెట్టింది. గోలీలు పంచే ముందు మా పెదవులు వేలితో తిప్పి తంబాకు ఉందేమో చూసేది. తను మొదటి నెలలోనే మానేసింది. యాభై ఏళ్ల అలవాటును ఆమె ఎలా మానిందని అడిగితే, నా పెనిమిటి పోయినప్పుడు ఆయన లేకుండనే ఉన్న, గిదెంత అంది. అది విన్నాక నేను మళ్లీ మొదలుపెట్టే అవకాశం పోయింది.

నా మచ్చ పలచబడుతూ వచ్చింది. డాక్టరు కార్డు మీద నా పెదవి బొమ్మ వేసి, మచ్చ ఎంత ఉందో ప్రతిసారీ పెన్సిలుతో గీసేవాడు. ఒక నెలలో అంచు లోపలికి జరిగింది, ఇంకో నెలలో ఇంకొంచెం. ఆయన మొహం చూస్తే మచ్చ తనదే అన్నంత సంతోషం. సుశీల ఊరగాయ మళ్లీ వడ్డించింది. నేను తినలేదు గానీ కంచంలో ఉండటం బాగుండేది.

అరవై మూడు మొదట్లో మాసన్న రెండు గురువారాలు రాలేదు. గనికి వెళ్లాను. తెల్లటి దుమ్ములో ఎవరు ఎవరో తెలియడం లేదు. నన్ను చూసి తల దించుకున్నాడు. దవడ లోపల ఏదో గట్టిగా తగులుతున్నదట, నెల నుంచి. ఎందుకు రాలేదంటే పని పోతదన్నాడు. నోరు తెరవమన్నాను. పెదవి కింద తంబాకు ఉంది, అప్పుడే పెట్టింది. మల్లవ్వ చూసే రోజు మాత్రం కడుక్కుని వచ్చేవాడట.

"ఆకలి కాకుంట ఉంటది సేటు, గందుకే," అన్నాడు. "గోలీలు మింగుతున్న గద, ఇగ తంబాకు ఏం జేస్తది అనుకున్న."

ఒకవేళ మాసన్న సీసాలో ఉన్నదే అసలు మందయితే? దాన్ని మూడో వంతు చేసి, మిగతాది నేనూ మల్లవ్వా మింగాం. ఆ మనిషి నోట్లోంచి మందు తీసి నా నోట్లో వేసుకున్నాను, తువాలు పరిచి, న్యాయం మాట్లాడుతూ.

ఆ గురువారం మాసన్నను నేనే తీసుకెళ్లాను. డాక్టరు వేలితో నొక్కి చూశాడు, పట్నం పెద్దాసుపత్రికి చీటీ రాశాడు. రేపే వెళ్లాలన్నాడు. మాసన్నను బయట కూర్చోబెట్టి లోపలికి వెళ్లి తలుపు వేశాను. చెప్పాను. కొరికి చూడటం నుంచి తువాలు దాకా అంతా. ఒక్క జోకు లేకుండా అంతసేపు మాట్లాడటం నాకు అదే మొదలు.

ఆయన పెన్ను మూత పెట్టాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎన్నాళ్లుగా?"

"ఏడు నెలలుగా."

"మీరు బీయే కదండీ," అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. మా ముగ్గురి కార్డులూ పరిశోధన లెక్కలోంచి తీసేస్తానన్నాడు. మాసన్నది ఏ సీసానో తెలుసుకోవాలని ఉంది, చెప్పండి అని బతిమాలాను. ఎలాగూ పాడైపోయాయి కనక మా చిట్టీలు తెరవమని పట్నం రాస్తానన్నాడు. నెలనెలా రావడం మాత్రం మానొద్దన్నాడు. "పరిశోధన పోయింది. మీ నోరు పోలేదు కదా."

ఆ నెల నేను ఇంట్లో ఎవరికీ సరదాగా లేను. సుశీలకు ఈసారి మొదటి రోజే చెప్పాను. ఆమె విని, మాసన్న ఇంటివాళ్లు పట్నంలో ఎక్కడ ఉంటారో కనుక్కుని, తన పిన్ని ఇంటికి పంపించింది. మాసన్న భార్యా తల్లీ ఆరు వారాలు అక్కడే ఉన్నారు. ముందుగా చెబితే ఆడవాళ్లు ఎంత పని చేయగలరో నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది.

మరుసటి గురువారం డాక్టరు మూడు చిట్టీలు బల్ల మీద పెట్టాడు. మల్లవ్వ నా పక్కన కూర్చుంది. మాసన్నకు ఆపరేషను అయి నాలుగు రోజులైంది, ఇంకా కబురు లేదు. డాక్టరు ఒక్కొక్కటే చదివాడు. మల్లవ్వది ఉత్త నూనె. మాసన్నది ఉత్త నూనె. నాది మందు.

"మరి చేదుగా లేదే," అన్నాను. అంతకంటే మంచి మాట తోచలేదు.

"దానికి చేదుండదండీ."

అంటే గంజ్‌లో పదమూడేళ్ల అనుభవంతో, మంచి కందులు తెచ్చి పుచ్చు కందుల్లో నేనే పోశాను. మాసన్నకు రావలసిన మందు తీసుకోలేదు, అతనికి రానిది ఇచ్చాను. ఆ మాట విన్నాక చాలా రోజుల తర్వాత ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది. మల్లవ్వకు సంగతి అర్థమై, కొంగుతో మూతి కప్పుకుని భుజాలు కదిలేలా నవ్వింది. నా కొడుకు తెలివి మీద దీపం పెట్టాలె అంది. మరి నా మచ్చ తగ్గింది మందు వల్లనా, తంబాకు మానడం వల్లనా అని అడిగాను.

"తెలియదు," అన్నాడు డాక్టరు. "తెలుసుకునే వీలు లేకుండా మీరే కలిపేశారు." ఆ తర్వాత ఆయన కూడా నవ్వాడు. మా వల్ల ఏడు నెలల పని నష్టపోయిన మనిషి అలా నవ్వగలగడం నేను ఇంకెక్కడా చూడలేదు.

మాసన్న గడ్డ పుండుగా మారుతున్న దశలో దొరికింది. లోతుకు పోలేదు. దవడ లోపల కొంత కోసేశారు, కుట్లు పడ్డాయి, రెండు నెలలు గంజి తాగి బతికాడు. ఆలస్యమై ఉంటే, అని పెద్దాసుపత్రిలో చెప్పబోయారట. అతని తల్లి ఆ మాట పూర్తి కానివ్వలేదు. వానకాలానికి మాసన్న మళ్లీ వికారాబాదు వచ్చాడు. ఎడమ బుగ్గ లోపలికి పోయింది, మాట కొంచెం జారుతోంది. నేను నోరు తెరవకముందే అతనే అన్నాడు:

"మందు నీదేనట గద సేటు. జర ఎక్కువ పంచకపోతివి."

ముగ్గురం స్టేషను బెంచీ మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాం. చాయ్ అమ్మే ఆయన, మేం దవాఖాన మనుషులమని తెలిసి ఎప్పుడూ చల్లార్చి ఇచ్చేవాడు, ఆ రోజు చాయ్ ఇంకా చల్లారిపోయింది. మాసన్న ఆ తర్వాత తంబాకు ముట్టలేదు. గనిలో రాయి కొట్టడం మాని, బండలు లారీలకెక్కించేటప్పుడు లెక్క చూసే పని చేస్తున్నాడు. ఆకలేస్తే తింటున్నానని చెబుతాడు. మల్లవ్వ అయినా పెదవి తిప్పి చూస్తూనే ఉంటుంది.

అరవై నాలుగంతా నా కార్డు మీద పెన్సిలు గీత చిన్నదవుతూ వచ్చింది. అరవై ఐదు చలికాలంలో ఒక గురువారం డాక్టరు అద్దం పెట్టి చూశాడు, వేలితో తడిమాడు, లైటు మార్చి మళ్లీ చూశాడు. కార్డు మీద ఏమీ గీయలేదు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని, ఇక ఆరు నెలలకోసారి వస్తే చాలన్నాడు. ఎంత మామూలుగా అన్నాడంటే, నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కుర్చీ దిగి బయటికి వచ్చాను. సుశీల మాత్రం బయట వరండాలో ఉండి, నా మొహం చూడగానే అర్థమై, స్తంభానికి ఆనుకుని కూర్చుండిపోయింది.

మేం బయల్దేరబోతుంటే డాక్టరు వెనక్కి పిలిచాడు. ఆ రోజు కొత్తవాళ్లు చాలామంది వచ్చారు. ఎవరూ ముందు కుర్చీ ఎక్కడం లేదు. రుమాళ్లు, కొంగులు మూతులకు అడ్డం పెట్టుకుని గోడల వెంట నిలబడ్డారు. మీరు మాటకారి కదా, నాలుగు మాటలు చెప్పండి అన్నాడు. నా దగ్గర నాలుగు కాదు, నలభై సిద్ధంగా ఉన్నాయి. ముందుకు వెళ్లి నిలబడ్డాను. వాళ్ల కళ్లు చూశాను. స్నానం చేస్తూ నాలుకతో తడుముకునే మనుషులు వీళ్లంతా. ఒక్క మాట రాలేదు.

కిటికీ వైపు తిరిగి నోరు తెరిచాను. వేలితో పెదవి కిందికి లాగి, వెలుతురుకు చూపించాను. మొదట ఎవరూ కదల్లేదు. తర్వాత ఒక ముసలాయన దగ్గరికి వచ్చి వంగి చూశాడు. అతని వెనక ఇంకొకరు. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు వరసగా వచ్చి చూశారు. మాటకారినని పేరున్నవాణ్ణి, అరగంట సేపు నోరు తెరిచి పెట్టి కిక్కురుమనకుండా నిలబడ్డాను.

చివర ఒకావిడ వచ్చింది. మా పెనిమిటికి తోడొచ్చిన, నాకేం లేదు అని అందాకా అందరికీ చెబుతూ వచ్చిందావిడ. కొంగు మూతికి గట్టిగా పట్టుకునే ఉంది. చాలాసేపు చూసింది.

"మచ్చ గీడనే ఉండెనా?"

పెదవి వదలకుండా తలూపాను.

ఆవిడ వెళ్లి కుర్చీలో కూర్చుని, కొంగు తీసి నోరు తెరిచింది.